సొంత మెయిల్ సర్వర్ డైరీ: ఉత్తరం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

1వ రోజు

ఏళ్ల తరబడి మెయిళ్లు పంపుతున్నాను. కానీ "సెండ్" నొక్కాక ఏం జరుగుతుందని ఎవరైనా అడిగితే "అవతలివాళ్లకి వెళ్తుంది" అనడం తప్ప ఇంకేమీ చెప్పలేను. ఈ సిగ్గు వదిలించుకుందామని సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టే పని మొదలుపెట్టాను. లక్ష్యం చిన్నదే. నా సర్వర్ నుంచి తెలుగులో రాసిన ఉత్తరం బయలుదేరి అక్క సర్వర్‌లో, స్పామ్‌లో కాకుండా ఇన్‌బాక్స్‌లోనే పడాలి. అక్క జవాబు రాస్తే అది నాకు చేరాలి. అక్క ఉద్యోగమే సర్వర్లు చూసుకోవడం. "డౌట్లు అడుగు, చెప్తా. కాన్ఫిగ్ ఫైలు మాత్రం ఇవ్వను" అని ముందే తేల్చేసింది.

మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, దాని మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ ఎక్కించాను. గంటలో అయిపోయింది. ఇంత తేలికా అనుకుని టెస్ట్ మెయిల్ పంపితే అది క్యూలో కూర్చుంది, కదలదు. లాగ్ నిండా "కనెక్షన్ టైమ్డ్ అవుట్". మూడు గంటలు ఫైర్‌వాల్‌ని తిట్టుకున్నాక తెలిసింది, నాకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ 25వ పోర్టును బయటికి పోకుండా మూసేసిందని. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఆ పోర్టు మీదే. వైరస్ పట్టిన ఇళ్లలోని కంప్యూటర్లు నేరుగా స్పామ్ చల్లకుండా చాలా కంపెనీలు ఇదే పని చేస్తాయట. కారణం సబబే. నా మూడు గంటలు మాత్రం పోయాయి. రాత్రికి ఒక వర్చువల్ సర్వర్ అద్దెకు తీసుకుని అంతా మళ్లీ మొదటినుంచి చేశాను.

2వ రోజు

ఈరోజు మెయిల్ ప్రోగ్రామ్ తెరవలేదు. టెల్నెట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో నా సర్వర్ 25వ పోర్టుకి కనెక్టయి చేత్తో టైప్ చేశాను. మా సంభాషణ రమారమి ఇలా సాగింది:

సర్వర్: 220, నేనిక్కడే ఉన్నాను
నేను: ఎహ్లో, నేను ఫలానా మెషిన్‌ని
సర్వర్: 250, నాకు వచ్చిన విద్యలు ఇవీ
నేను: మెయిల్ ఫ్రమ్, ఫలానా చిరునామా
సర్వర్: 250
నేను: ఆర్‌సీపీటీ టూ (అంటే అందుకునేవాళ్లు), ఫలానా చిరునామా
సర్వర్: 250
నేను: డేటా
సర్వర్: 354, చెప్పు. అయిపోయాక విడిగా ఒక లైన్లో చుక్క పెట్టు
నేను: ఉత్తరం మొత్తం, చివర్లో చుక్క
సర్వర్: 250, క్యూలో వేసుకున్నాను

ఇదే ఎస్‌ఎంటీపీ. 1982లో జాన్ పోస్టెల్ రాసిన పద్ధతి. పలకరింపు తప్ప (అప్పట్లో అది "హెలో", ఒకటే ఎల్‌తో) మిగతాదంతా ఇప్పటికీ అలాగే ఉంది. అంకెల్లో మొదటిది చూస్తే చాలు. 2 అంటే సరే, 3 అంటే ఇంకా చెప్పు, 4 అంటే ఇప్పుడు కాదు తర్వాత రా, 5 అంటే ఇక రాకు.

నన్ను ఆపేసింది ఆ చివరి 250. దాన్ని నేను "అందింది" అన్నంత మామూలుగా తీసుకున్నాను. అక్క ఒప్పుకోలేదు. "అది రసీదు రా. అది ఇచ్చిన క్షణం నుంచి ఉత్తరం బరువు ఆ సర్వర్‌ది. ఇకనుంచి అవతలికి చేర్చడమో, చేర్చలేకపోయానని పంపినవాళ్లకి చెప్పడమో చెయ్యాల్సిందే." నియమాల పత్రం తీసి చూస్తే నిజంగానే అలా ఉంది. రసీదు ఇచ్చాక చిల్లర కారణాలతో ఉత్తరం పోగొట్టకూడదు, ఆ తర్వాత మెషిన్ కూలిపోవడం కూడా చిల్లర కారణాల్లోనే ఒకటి!

పరీక్ష పెట్టకుండా ఉండలేకపోయాను. బయటి డెలివరీ ఆపేసి, ఒక ఉత్తరం ఇచ్చి, 250 కనబడగానే కంట్రోల్ ప్యానెల్‌లో "ఫోర్స్ పవర్ ఆఫ్" నొక్కాను. మళ్లీ ఆన్ చేసి క్యూ చూస్తే ఉత్తరం అక్కడే ఉంది. పోస్ట్‌ఫిక్స్ దాన్ని డిస్కు మీదకు ఖాయంగా రాశాకే 250 అంటుంది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ ఉంది.

3వ రోజు

చేత్తో టైప్ చేస్తున్నప్పుడు చేతులు ఊరుకోవు. మెయిల్ ఫ్రమ్‌లోనూ ఆర్‌సీపీటీ టూలోనూ నా చిరునామాే ఇచ్చి, డేటాలో మాత్రం ఉత్తరం పైన పంపినది అక్క అనీ, అందుకునేది ఇంకెవరో అనీ రాశాను. ఉత్తరం నా డబ్బాలోనే పడింది. తెరిస్తే అక్క ఎవరికో రాసినట్టుంది. సర్వర్ కిక్కురుమనలేదు.

ఇందులో మోసమేమీ లేదు, డిజైనే అది. మెయిల్‌కి కవరు వేరు, లోపలి కాగితం వేరు. మెయిల్ ఫ్రమ్, ఆర్‌సీపీటీ టూ కవరు మీద రాతలు. సర్వర్లు చూసేది వాటినే. ఫ్రమ్, టూ, సబ్జెక్ట్ అని మనకు తెర మీద కనిపించేవన్నీ కాగితం మీద రాసుకున్నవి. పోస్ట్‌మ్యాన్ కవరు చూసి ఇస్తాడు గానీ లోపల "ప్రియమైన ఫలానా" అని ఎవరిని పిలిచామో చూడడు కదా. చిట్టచివరి సర్వర్ కవరును పారేస్తూ పంపినవారి చిరునామాను మాత్రం "రిటర్న్ పాత్" అనే లైనుగా కాగితం తలమీద అంటించి పెడుతుంది.

బీసీసీ గుట్టు కూడా ఇక్కడే విడిపోయింది. అదేదో రహస్య సదుపాయం అనుకునేవాణ్ని. ఆ పేరు కవరు మీద ఉంటుంది, కాగితం మీద ఉండదు. అంతే.

4వ రోజు

చిరునామాలో అట్ గుర్తుకి కుడివైపు ఉన్న పేరును చూసి సర్వర్ ఎక్కడుందో ఎలా కనుక్కుంటారు? ఇంటర్నెట్ పేర్ల పుస్తకమైన డీఎన్‌ఎస్‌లో ఎంఎక్స్ రికార్డు అడుగుతారు, అంటే ఆ పేరుకి వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి ఇవ్వాలో చెప్పే లైను. నా డొమైన్‌కి నేనే పెట్టుకోవాలి. పెట్టాను. ఎక్కడినుంచీ ఏమీ రాలేదు. ఎంఎక్స్‌లో సర్వర్ పేరు రాయాల్సిన చోట ఐపీ నంబరు రాసేశానట. పేరు రాసి, ఆ పేరుకు విడిగా ఐపీ రాయాలి. దిద్దాక కూడా కొన్ని చోట్ల పాతదే గంటసేపు కనిపించింది, జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే టీటీఎల్ 3600 సెకన్లు పెట్టింది నేనే మరి. ఎంఎక్స్‌లు రెండు ఉంటే చిన్న అంకె ఉన్నదాన్నే ముందు తడతారు. 10, 20 అని ఉంటే 10 ముందు. ఎంఎక్స్ అసలు లేకపోతే ఆ పేరుకున్న మామూలు ఐపీనే తడతారు.

ఈ ఏర్పాటు 1986లో వచ్చింది. అంతకుముందు యూయూసీపీ అనే పాతకాలపు నెట్‌వర్క్‌లలో ఉత్తరం ఏ మెషిన్ నుంచి ఏ మెషిన్‌కి పోవాలో దారంతా పంపేవాడే రాసుకోవాలి, మధ్యలో ఆశ్చర్యార్థకాలు పెట్టి. దారిలో ఒక మెషిన్ పడుకుంటే చిరునామాయే పనికిరాదు. ఇక అట్ గుర్తు 1971 నాటిది. బీబీఎన్ అనే సంస్థలో రే టామ్లిన్సన్ రెండు పీడీపీ-10 మెషిన్ల మధ్య మొదటి నెట్‌వర్క్ మెయిల్ పంపినప్పుడు, మనుషుల పేర్లలో రాని గుర్తు కావాలని దీన్ని ఎంచుకున్నాడు. రెండు మెషిన్లూ పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలిపింది మాత్రం ఇంటర్నెట్‌కి ముందుతరమైన ఆర్పానెట్.

6వ రోజు

నిన్న ఏమీ చెయ్యలేదు. ఈరోజు మాత్రం తిండి సంగతి కూడా మర్చిపోయాను.

చేత్తోనే తెలుగులో "నమస్తే" అని టైప్ చేసి పంపాను. వచ్చినదాంట్లో నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు "ఏ" అక్షరం, డిగ్రీ గుర్తు, ఏదో చెత్త, మళ్లీ ఏ, డిగ్రీ, చెత్త. కారణం పాతదే. 1982 నాటి మెయిల్‌కి తెలిసింది 7 బిట్ల ఆస్కీ మాత్రమే, ఇంగ్లీషు కీబోర్డు అక్షరాలు తప్ప ఇంకేవీ లేవు. ఇప్పుడు అన్ని లిపులకీ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం (హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, ఏదైనా) ఒక్కొక్కటీ 3 బైట్లు. ఆ బైట్లను ఏ లిపిగా చదవాలో నేను చెప్పలేదు కాబట్టి, చదివే ప్రోగ్రామ్ ఒక్కో బైటునూ ఒక్కో పశ్చిమ ఐరోపా అక్షరంగా చూపించింది.

మందు మైమ్. 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి తెచ్చారు. రోడ్డు మార్చలేక బండి మీద సరుకు కట్టే పద్ధతి మార్చారు, నాకైతే అలా అర్థమైంది. ఎనిమిది బిట్ల సరుకునంతా ఆస్కీ అక్షరాల వేషంలో పంపడం, పైన ఒక చీటీ అంటించడం: ఇది ఫలానా రకం, ఫలానా లిపి, ఫలానా రకంగా చుట్టాం అని. చుట్టే పద్ధతులు రెండు. బేస్64లో 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. కోటెడ్ ప్రింటబుల్‌లో ఆస్కీ కాని ఒక్కో బైటూ 3 అక్షరాలవుతుంది. ఇంగ్లీషుకి రెండోది చవక. తెలుగుకి మాత్రం దండగ. 2,000 తెలుగు సంకేతాలున్న పేజీ 6,000 బైట్లు. బేస్64లో 8,000 అక్షరాలు, రెండోదాంట్లో 18,000.

బేస్64లోకి మారిన తెలుగును చూస్తూ కూర్చుంటే ఒకటి దొరికింది. 3 బైట్లకి 4 అక్షరాలు కాబట్టి ఒక తెలుగు సంకేతానికి సరిగ్గా ఒక నాలుగక్షరాల గుంపు. "నమస్తే"ని విడదీస్తే న, మ, స, పొల్లు, త, ఏత్వం, మొత్తం ఆరు సంకేతాలు. ఆరు గుంపులు. హల్లులున్న గుంపులు నాలుగూ "4 ఎల్ సి" తోనే మొదలయ్యాయి. పొల్లు, ఏత్వం మాత్రం "4 ఎల్ జి". దీర్ఘం, గుడి సి వైపు ఉంటాయి, గుడిదీర్ఘం నుంచి జి వైపు. ఇప్పుడు ముడి మెయిల్ చూసి, డీకోడ్ చెయ్యకుండానే ఇది తెలుగు అని చెప్పేస్తున్నాను. అయితే మధ్యలో ఒక ఖాళీ వస్తే, అది ఒకే బైటు కాబట్టి, అమరిక చెదిరిపోతుంది. మూడు ఖాళీలు దాటాక మళ్లీ కుదురుతుంది. ఎవరికీ పనికిరాని విద్యే. అక్కకి చెప్తే "నిద్రపో" అంది.

పనికొచ్చింది ఆ వెంటనే. సబ్జెక్ట్ లైన్లో తెలుగు రాయాలంటే దాన్ని ముక్కలుగా చుట్టాలి, ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ముందూ వెనకా గుర్తులకి 12 పోతే 63 మిగులుతాయి, నాలుగు గుణిజాల్లో 60, అంటే 45 బైట్లు, అంటే 15 తెలుగు సంకేతాలు. నా స్క్రిప్టులో ప్రతి 45 బైట్లకి కత్తిరించమని రాశాను. "పరీక్షలుపరీక్షలుపరీక్షలు" అని పంపితే చక్కగా వెళ్లింది. నిజం సబ్జెక్ట్ పెట్టి పంపితే మధ్యలో రెండు నల్ల ప్రశ్నార్థకాలు. 45 మూడుతో భాగించబడుతుంది కాబట్టి ఖాళీల్లేని తెలుగు ఎప్పుడూ అక్షరం చివరే తెగుతుంది. ఒక్క ఖాళీ పడిందంటే కత్తి అక్షరం నడుమ దిగుతుంది. నా పరీక్ష మాటలో ఖాళీ లేకపోవడమే నా కొంప ముంచింది. బైట్లు లెక్కపెడుతూనే అక్షరం పూర్తయిన చోట మాత్రమే కోసేలా మార్చాను.

అన్నట్టు, అటాచ్‌మెంట్ సంగతి కూడా ఇదే. సర్వర్ 25 ఎంబీ వరకే అంటే మన ఫైలు 18 ఎంబీ చిల్లరకే సరి. మిగతాది చుట్టడంలో పోతుంది.

7వ రోజు

కాసేపే పనిచేశాను. ఉత్తరం చివర చుక్క పెట్టాలి అన్నారు కదా, మరి ఉత్తరం మధ్యలో ఒంటరి చుక్క ఉన్న లైను వస్తే? నా స్క్రిప్టుతో పంపి చూశాను. ఉత్తరం అక్కడికి తెగిపోయింది, మిగతా లైన్లను సర్వర్ ఆజ్ఞలనుకుని వరసగా 500ల తప్పులు తిప్పికొట్టింది. పరిష్కారం: చుక్కతో మొదలయ్యే ప్రతి లైనుకీ పంపేవాడు ఇంకో చుక్క తగిలిస్తాడు, అందుకునేవాడు తీసేస్తాడు. ఇంత చిన్న విషయం అనుకోకండి. 2023 డిసెంబరులో బయటపడ్డ "ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్" అనే లోపం మొత్తం ఈ చుక్క చుట్టూనే. చుక్కకి ముందూ వెనకా లైను ఎక్కడ ముగిసిందన్న దానిమీద రెండు సర్వర్లకి అభిప్రాయం కుదరకపోతే, ఒక ఉత్తరం కడుపులో ఇంకో ఉత్తరాన్ని దాచి దాటించవచ్చు.

9వ రోజు

బయటి ప్రపంచం. అక్క సర్వర్‌కి మొదటి ఉత్తరం.

మొదటి ప్రయత్నం: 550. నా ఐపీని తిరగేసి అడిగితే పేరు రావడం లేదట. పేరు నుంచి ఐపీ నేను పెట్టాను, ఐపీ నుంచి పేరు పెట్టడం ఐపీ సొంతదారు చేతిలో ఉంటుంది. సర్వర్ అద్దెకిచ్చినవాళ్ల ప్యానెల్‌లో దొరికింది, పెట్టాను.

రెండో ప్రయత్నం: మళ్లీ 550. నా ఐపీ బ్లాక్‌లిస్టులో, అంటే స్పామ్ చల్లే ఐపీల జాబితాలో ఉంది. నాకంటే ముందు ఆ ఐపీలో ఎవరు ఉండి ఏం చల్లారో! ఈ లిస్టులను చూసే తీరు మాత్రం ముచ్చటగా ఉంది. 192.0.2.10 అనే ఐపీ ఉందనుకోండి, దాన్ని 10.2.0.192 అని తిప్పి, లిస్టు పేరు తగిలించి డీఎన్‌ఎస్‌లో అడుగుతారు. 127.0.0.2 లాంటి జవాబొస్తే పేరెక్కినట్టు, అలాంటి పేరే లేదంటే శుభ్రం. తీసేయమని ఫారం నింపాను. కాస్త టెన్షన్‌గానే ఉంది.

ఖాళీగా ఉండలేక అక్క దగ్గరున్న రెండో మెషిన్‌కి కూడా ఒక ఉత్తరం పంపాను. ఎంఎక్స్ లేని పేరు అది, మామూలు ఐపీని తడుతుందో లేదో చూద్దామని. లాగ్ చూడకుండానే పడుకున్నాను.

11వ రోజు

లిస్టులోంచి పేరు పోయింది. మూడో ప్రయత్నం: 450, తర్వాత రా. నా గుండె జారింది గానీ అక్క నవ్వింది. గ్రేలిస్టింగ్ అట, 2003లో వచ్చిన చిట్కా. ముక్కూమొహం తెలియనివాడు వస్తే ఒకసారి "తర్వాత రా" అనడం. నిజమైన సర్వర్ క్యూలో పెట్టుకుని మళ్లీ వస్తుంది, హడావిడిగా చల్లిపోయే స్పామ్ ప్రోగ్రామ్‌కి అంత ఓపిక ఉండదు. నా పోస్ట్‌ఫిక్స్ మళ్లీ వెళ్లింది. 250 వచ్చింది!

పడింది మాత్రం స్పామ్‌లో. "కాదంటే సంతోషించు రా, కాదన్నట్టైనా తెలుస్తుంది. తీసుకుని మూలన పడేస్తేనే భయపడాలి" అంది అక్క. సర్వర్ తన బాధ్యత నెరవేర్చింది, ఉత్తరం చేరింది. మనిషి కంటికి చేరలేదు. 250కి ఆ పూచీ లేదు.

కాబట్టి నేను నేనే అని రుజువు చూపించాలి. ఎస్‌పీఎఫ్: నా డొమైన్ పేరు మీద ఏ ఐపీలు కవరు పంపొచ్చో డీఎన్‌ఎస్‌లో రాసిపెట్టడం. డీకిమ్: ప్రతి ఉత్తరానికీ నా రహస్య తాళంతో సంతకం, సరిచూసే తాళం డీఎన్‌ఎస్‌లో అందరికీ. 2048 బిట్ల తాళం ఒకే మాటగా పెట్టబోతే డీఎన్‌ఎస్ ఒప్పుకోలేదు, ఒక్కో ముక్క 255 అక్షరాలకి మించకూడదు. రెండు ముక్కలు చేశాను. డీమార్క్: పై రెండింటిలో ఒకటైనా నెగ్గి, అది రుజువు చేసిన డొమైనూ కాగితం మీద ఫ్రమ్‌లో కనిపించే డొమైనూ ఒకటేనా అని చూడటం. 3వ రోజు నేను ఆడిన ఆట గుర్తుందా? కవరుకీ కాగితానికీ సంబంధం లేని ఆ ఖాళీకి ముప్పై ఏళ్లు దాటాక వేసిన అతుకు ఇది.

సాయంత్రం: ఇన్‌బాక్స్! పూర్తి తెలుగులో, సబ్జెక్ట్‌తో సహా. అక్క తన సర్వర్ నుంచి దాన్ని ఇంకో చిరునామాకి ఫార్వర్డ్ కూడా చేయించి చూపించింది. అక్కడ ఎస్‌పీఎఫ్ తప్పింది, కవరు మీద పేరు నాది, తెచ్చిన ఐపీ అక్కది. డీకిమ్ సంతకం చెక్కుచెదరలేదు. డీమార్క్ నెగ్గింది.

12వ రోజు

జవాబు వచ్చింది. డవ్‌కాట్ అనే ప్రోగ్రామ్ పెట్టి, సర్వర్‌లో ఉన్న మెయిల్ చదువుకునే పద్ధతైన ఐమ్యాప్‌తో 993 పోర్టు మీద ఫోన్లో చదువుకున్నాను. పంపడానికి ఒక పద్ధతి, చదువుకోవడానికి వేరే పద్ధతి ఎందుకో ఇప్పుడు అడగను. నా ఫోను ఎప్పుడూ మెలకువగా ఉండదు, సర్వర్ ఉంటుంది.

జవాబు తలమీద "రిసీవ్డ్" లైన్లు నాలుగు. ఒక్కో సర్వర్ తన చేతికి రాగానే పైన ఒకటి అంటిస్తుంది కాబట్టి కిందినుంచి పైకి చదవాలి. ఎవరు ఎవరి దగ్గర ఎన్ని గంటలకి తీసుకున్నారో అంతా ఉంది. ఒక చోట ఉత్తరం బయలుదేరకముందే చేరినట్టుంది. టైమ్ జోన్లు సరిచూసినా తేడా పోలేదు. నా సర్వర్ గడియారం 40 సెకన్లు వెనకబడింది. సరిచేశాను.

ప్రాజెక్టు అయిపోయినట్టే అని రాసుకున్నాను.

14వ రోజు

రాత్రి ఇన్‌బాక్స్‌లో ఒక మెయిల్, పంపింది నా సర్వరే. "మీ ఉత్తరాన్ని చేర్చలేకపోయాను." ఏ ఉత్తరం? 9వ రోజున అక్క రెండో మెషిన్‌కి పంపింది. ఆ మెషిన్‌ని అక్క అంతకు వారం ముందే తీసేసిందట, నాకు చెప్పలేదు. నా పోస్ట్‌ఫిక్స్ మాత్రం దాన్ని పట్టుకుని, మొదట్లో నిమిషాల వ్యవధిలో, తర్వాత గంటకో మాటు చొప్పున, ఐదు రోజులు ఆ తలుపు కొడుతూనే ఉంది. లాగ్‌లో వందకు పైగా ప్రయత్నాలు. నేను దాని సంగతే మరిచిపోయాను.

తిరిగొచ్చిన ఆ మెయిల్ కవరు చూశాను. పంపినవారి చోట ఏమీ లేదు, ఉత్త బ్రాకెట్లు. ఇది కూడా చేరకపోతే దాని గురించి ఇంకో ఫిర్యాదు, దాని మీద ఇంకోటి పుట్టకుండా ఆ ఖాళీ.

ఐదు రోజులపాటు ఒక్క మాటైనా చెప్పకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. సెట్టింగుల్లో వెతికితే ఆలస్యం హెచ్చరిక ఉంది, మామూలుగా ఆపేసి ఉంటుంది. 4 గంటలు అని పెట్టి, పోస్ట్‌ఫిక్స్‌ని రీలోడ్ చేశాను.